వియత్నాంలో బోణీ బేరం

మరిడమ్మత్తకి,

ఫోన్లో చెబితే నీ పక్కన చేపలమ్మేవాళ్ళు విని నవ్వుతారని ఉత్తరం రాస్తున్నాను.

పరాయి దేశాల కంపెనీలు తమ పనుల్ని వియత్నాం ఆఫీసుల్లో ఎందుకు చేయించుకుంటాయో చూడ్డానికి మా కాలేజీ మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది కదా. ఇక్కడ బతకడానికి ఖర్చెంతవుతుందో తెలియాలని ఇవాళ పొద్దున్నే చేపల బజారుకెళ్ళి ధరలు కనుక్కు రమ్మన్నారు.

అప్పుడే తట్ట దించిన ఒకావిడని అన్ని రకాల ధరలూ అడిగి, రాసుకుని, కదిలాను. ఆవిడ కాగితం ముక్క వెలిగించి, దిష్టి తీసినట్టు తట్ట చుట్టూ తిప్పింది. మావాళ్ళు అదేదో పూజనుకుని ఫోటోలు తీశారు. నాకు మాత్రం రాజోలు బజారులో “బోణీ అవలేదండీ, ఒక్కటైనా పట్టుకెళ్ళండి” అని బతిమాలే నువ్వు కనిపించావు.

వెనక్కెళ్ళి కొన్నాను. హోటల్ గదిలో వండుకునే వీల్లేదని తెలిసే కొన్నాను. ఆవిడ నా నోటుని తట్టలో చేపలన్నిటికీ తాకించి నవ్వింది.

వచ్చే నెల ఇక్కడి కాలేజీ పిల్లలు మన బజారు చూడ్డానికి వస్తారట. తెల్లారగానే వచ్చి ధరలడిగితే కసురుకోకత్తా. వాళ్ళు కొనకుండా వెళ్ళరు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళమ్మలే చెప్పి పంపుతారు.

నీ మేనకోడలు