పిట్ట మెడ మీది గడ్డ

పిట్ట నాన్నగారికి నమస్కరించి రాస్తున్నాను.

మేమిద్దరం క్షేమం. ఈసారి ఆ మాట నిజంగానే రాస్తున్నాను. ఓడ వంటగదిలో అందరికీ వండిపెట్టే మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

పిల్ల బరువు అడిగారు. కిలో పెరిగింది. నెలనెలా ఎక్కించే మందు ఆగలేదు. పుట్టుకతోనే దాని ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి తక్కువ కదా, ఆ సీసాలో ఉన్నది వేలమంది రక్తంలోంచి తీసిన శక్తేనట, నర్సు చెప్పింది. మన ముఖమైనా ఎరగని వేలమంది! నేను ఆ సీసాకు దణ్ణం పెట్టాను. పిట్టేమో, “అంతమంది నాలోకొస్తే ఎక్కడ కూర్చుంటారమ్మా?” అంది.

ఇక అసలు సంగతి. పోయిన నెల తల దువ్వుతుంటే దాని మెడ పక్కన గట్టిగా గడ్డ తగిలింది. రోజంతా చొక్కాలకు కాజాలు కుట్టే వేళ్ళు, పొరబడవు. మూడు వారాలు దాని మీద గుండీలు ఆనించి కొలుచుకుంటూ ఊరుకున్నాను. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

“ఎప్పట్నుంచి ఉందమ్మా ఇది?” అంది డాక్టరమ్మ.

“చొక్కా గుండీ అంత ఉన్నప్పట్నుంచండీ. ఇప్పుడు కోటు గుండీ అంతైంది.”

“గుండీలు కాదు తల్లీ, వారాలు చెప్పు!”

చెప్పాను. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. మర్నాడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఐదు రోజుల తర్వాత పరీక్ష కాగితం కోసం ల్యాబుకు వెళ్ళి, అన్నాళ్ళు ఆగినందుకు సిగ్గుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. పరీక్ష చేసినావిడే లోపలికి పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. వంకాయ రంగు చుక్కలు, లెక్కలేనన్ని.

“ఇవన్నీ మీ పాప ఒంట్లో రోగాలతో పోరాడే కణాలే. ఏదో క్రిమి చేరితే దాని మీదికి గుంపుగా వచ్చాయి, అందుకే వాపు. క్యాన్సర్ కాదమ్మా.”

పోరాడలేదనుకున్న మన పిట్టలో అంత సైన్యం! కళ్ళు తీయబుద్ధి కాలేదు. చూస్తూ చూస్తూనే ఏడ్చాను.

మీ దగ్గర ఒకటి దాచాను. రెండేళ్ళ కిందట మీరు మందుల షాపుకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటి పిల్లలకు మెడలో, చంకల్లో ఉండే గ్రంథుల్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం మిగతా పిల్లలకంటే ఎక్కువట. అందరికీ రాదు గాని, గడ్డ కనబడితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మంది. తలూపాను. మీరొచ్చి “ఏమన్నారు?” అంటే “ఏం లేదు” అన్నాను. పైకి అంటే నిజమైపోతుందని భయం. మొన్న మూడు వారాలు ఆగిందీ అందుకే.

తిట్టండి, పడతాను. ఈసారి క్యాన్సర్ కాదు గాని, ఇక ఎప్పటికీ రాదని ఎవరూ చెప్పలేరట. సెలవుకు వచ్చినప్పుడు దాని మెడ, చంకలు, గజ్జలు ఎలా తడిమి చూడాలో మీకూ నేర్పుతాను. ఒక్కదాన్నే తడిమి, ఒక్కదాన్నే దాచుకోవడం ఇక నావల్ల కాదు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే ఇల్లాలు,
పిట్ట తల్లి