మూడు దగ్గర ఆగిన రాగం

ములకలపల్లి

అన్నయ్యకు నమస్కారం.

మీ బావ చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. మీ ఊళ్లో ఫోన్ సిగ్నల్ నిలవదు. నోటితో చెప్పి పంపితే ఆయన సగం దారిలోనే మరిచిపోతారు.

మా సుజన ఫోన్‌లో చూసి, పాత కీబోర్డు మీద సొంతంగా సంగీతం నేర్చుకుందని నీకు తెలుసు కదా. ఈ వేసవిలో చెన్నైలో బాణీలు కట్టడం నేర్పే శిబిరానికి దరఖాస్తు పెడుతోంది. దేశం మొత్తం మీద కొద్దిమందినే తీసుకుంటారట. తను కట్టిన బాణీ ఒకటి శుక్రవారంలోగా పంపాలి.

అది దేని మీద కట్టిందో తెలుసా? పొద్దున గ్లాసుతో బియ్యం కొలుస్తూ నేను, నాన్న కళ్లంలో కుంచంతో ధాన్యం కొలుస్తూ ఒకటిని లాభం అని పాడినట్టే, "లాభం... రెండు... మూడు" అని రాగం తీస్తానట. నాకే తెలియదు.

"అమ్మా, మూడు కాడనే ఆగుతవేంది? తర్వాత రాగం ఎట్ల పోతది?" అని అడిగింది.

మా ముగ్గురికి మూడు గ్లాసులే కదా, అన్నయ్యా! తర్వాతది ఎంత తలచుకున్నా గొంతులోకి రావడం లేదు. ధాన్యం దుమ్ము, నాన్న తలగుడ్డ, బస్తా మూతి పట్టుకుని నువ్వు తుమ్మడం మాత్రం గుర్తున్నాయి.

నువ్వు చివరిదాకా అక్కడే ఉండేవాడివి. రాశి అడుగంటాక నాన్న గొంతు ఎలా దిగేదో మీ బావ ఫోన్‌లో పాడి రికార్డు చేసి పంపు. "తాత రాగం మీద కట్టిన అని రాస్తున్న. ముగింపు నేనే కల్పిస్తే తాత ఏమంటడు?" అని సుజన పట్టుబట్టి కూర్చుంది. గొంతు బాగాలేదని సిగ్గుపడకు.

సెలవుల్లో వదినను, పిల్లలను తీసుకుని రా. నాకు మూడు దాటి కొలవాలని ఉంది.

నీ చెల్లెలు