మద్దిలేటి కండ్లు చూపించినాం నాయనా

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు రెండేండ్లు. తమ్ముడు మద్దిలేటికి కూడా సుగరొచ్చి శానా దినాలాయ. కల్లూరులో ఆటో తోలుతాండాడు కదా, "బోర్డులన్నీ బాగనే కనపడతాండాయి, కంటాసుపత్రి ఎందుకక్కా?" అంటాండె. పోయిన నెల "నాయనకూ మొదట్లో బాగనే కనపడె" అన్నా. ఆ మాటకు ఆటో పక్కన పెట్టి నాతో వచ్చినాడు.

కండ్లలో చుక్కలేసి, లోపల ఫోటో తీసినారు. కంటి వెనకాల సన్న నరాలనుంచి నెత్తురు కారతాండాదంట. "చూపు తగ్గకముందే వచ్చినావు, మంచిదప్పా. లేజరుతో కాపాడొచ్చు. సుగరు, బీపీ అదుపులో పెట్టుకో, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకో" అనింది డాక్టరమ్మ. నువ్వేమో అద్దాలదే తప్పనుకొని మూడుసార్లు మార్పిస్తివి. మాకూ తెలీకపాయ.

చుక్కల మందుకు వానికి సాయంత్రందాకా అంతా మసకే. చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించినా. దాటినాక నిలబడిపోయి, "అక్కా, నాయనకు దినామూ ఇట్లనే ఉండెనేమో" అని ఏడ్సినాడు.

లేజరు అయిపోయింది. చూపు తగ్గలేదు. మళ్లీ ఆటో తోలుతాండాడు, మాత్రలు కూడా మానకుండా ఏసుకుంటాండాడు.

వానికి చెప్పని మాటొకటి నీకు చెప్తాండా. ఒకసారి నువ్వు మజ్జిగ ఒలికించినావని కసురుకున్నా. "పోనీలేమ్మా, ఈసారి చూసుకొని తాగుతాలే" అంటివి. నీకు గలాసే కనపడతా లేదని అప్పుడు నాకు తెలీదు నాయనా.