ఇంట్లో ఎలా ఉంటాడు?

అమ్మా, మేం కులాసా. నా దగ్గు తగ్గింది, బెంగపడకు.

మా సంఘానికి కొత్త పాస్టరు కోసం పిలిచిన ముగ్గురిలో నీ చిన్నల్లుడూ ఉన్నాడుగా. ఆదివారం వచ్చి ఓర్పు మీద ప్రసంగం చేశాడు. ఎంత బాగా చెప్పాడంటే, ప్రతివారం కునికే కోశాధికారి కూడా రెప్ప వాల్చలేదు. తర్వాత కమిటీ గదిలో అందరూ అతనికే చెయ్యెత్తారు. నేనూ కమిటీలో ఉన్నాగా, బంధువునని చెయ్యెత్తలేదు. సంఘపెద్ద నావైపు తిరిగి, "ఇల్లు చక్కబెట్టుకోలేనివాడు సంఘాన్నేం చూస్తాడమ్మా? మీవాడేగా, ఇంట్లో ఎలా ఉంటాడో చెప్పు" అన్నారు. గోడ అవతల టీ తాగుతూ అతను నవ్వుతున్న నవ్వు వినిపిస్తోంది. "నన్ను కాదండీ, మా చెల్లెల్ని అడగండి" అన్నాను. ఎత్తిన చేతులన్నీ మెల్లగా దిగిపోయాయి.

శుక్రవారం కమిటీ ఆడవాళ్లిద్దరు మనింటికి వస్తారు. చెల్లి అక్కడే ఉందని నేనే చెప్పాను. దాన్ని వాళ్లతో ఒంటరిగా మాట్లాడనివ్వు. పక్కన చేరి "మా అల్లుడు బంగారం" అనకు. శనివారం అతనొస్తాడట, ఈలోగా ఈ కార్డు పొయ్యిలో పడెయ్యి.

నా నీలం స్వెటరు వాళ్లతో పంపు. నాన్న కళ్లజోడు బాగుచేయించారా? చెల్లి మణికట్టు వాపు తీసిందా? స్నానాలగదిలో జారిపడిందన్నావు. మొన్న వచ్చినప్పుడు నేను చూశాను. జారిపడితే వేళ్ల అచ్చులు పడవమ్మా.

దేవుడు దానికి నోరు విప్పే ధైర్యం ఇచ్చును గాక.

నీ పెద్దకూతురు