అత్త చేతి ఉన్ని

నవంబరు 4, మంగళవారం

ప్రతి మంగళవారం సొసైటీలో ఆడోళ్ళు వడికిన ఉన్ని చూసి ఏరేది నేనే. ఈ వారం కూడా అత్త వడికిన ఉన్ని ఉండను మంచి గంపలోనే వేశాను. చేతిలోకి తీసుకోగానే తెలిసింది — ఒకచోట సన్నం, ఒకచోట గడ్డ. తర్వాత మాబుబీ వంతు. ఆమెది అంత అధ్వానంగా ఏం లేదు. అయినా వెనక్కిచ్చాను. "సరేలే రేణుకా" అని చంకలో పెట్టుకుని పోయింది. తగువు పెట్టుకోకపోవడమే గుచ్చుకుంది.

నవంబరు 5

నిన్న సొసైటీ గదికి తాళం వేసేముందు అత్త ఉండను కొంగులో చుట్టుకొచ్చాను. ఆమె పక్కింటికి పోగానే విప్పి, గడ్డలున్న చోటల్లా తెంపి మళ్ళీ వడికాను. ఎర్రదారం ఆమె గుర్తు. అదే మళ్ళీ కట్టాను. దసరా అయినప్పటి నుంచి ఇదే పని. చూపు ఆనడం లేదు ఆమెకు. అడిగితే — "నా కండ్లకేమైందే, బాగుండాయి."

నవంబరు 6

బాగలేని ఉన్ని వెనక్కిచ్చే ఈ రూలు పెట్టింది అత్తే. ముందైతే మేము వడికిన ఉన్ని మగవాళ్ళు షావుకారుకు పోసి వచ్చేవాళ్ళు, మా పేరెక్కడా లేదు. ఆడోళ్ళందర్నీ కూడగట్టి గొంగళ్ళ సొసైటీ పెట్టించింది ఆమె. మొదటి రోజే చెప్పింది — "నా కోడలుదైనా సరే, బాగలేకుంటే ఎనక్కే." మొదట వెనక్కి వచ్చింది నాదే. అందరి ముందు. కొత్త కోడల్ని, గొర్రెల దొడ్లో కూచుని ఏడ్చాను.

సాయంత్రం వచ్చి నా వెనక కూచుంది. నా బొటనవేలు పట్టుకుని, "ఈడ వొత్తు... ఈడ వదులు..."

ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉండిందో.

నవంబరు 11

శనక్కాయ పీకను పోయాం. ఒళ్ళంతా నొప్పులు. అత్త కొత్త ఉండను సరిచేసే ఓపిక లేదు. ఉన్నదున్నట్టే మగ్గానికి పంపాను.

నవంబరు 13

గొంగళ్ళు నేసే బీరప్ప మామ మగ్గం దగ్గరికి పిలిచాడు. "ఏమమ్మా, ఒకరి నూలు శానా తెగుతాండాది." ఎవరిదో అనలేదు. తెలుసు ఆయనకు.

మా దగ్గర కొనే బెంగళూరు వాళ్ళకు పల్చని గొంగళ్ళు కావాలి. బాగలేకపోతే మళ్ళీ అడగరు. అసలే నల్లగొర్రెలు తగ్గిపోయాయి, అందరూ మాంసానికని ఉన్ని రాని గొర్రెల్నే తోలుకొస్తున్నారు. ఉన్న కాస్త ఉన్నినీ నేనే పాడుచేస్తున్నానా...

వెనక్కిస్తే మాత్రం అత్త మళ్ళీ సొసైటీ గడప తొక్కదు. నాకు తెలుసు ఆమె సంగతి. మంగళవారం కోసమే వారమంతా బతుకుతుంది.

నవంబరు 18, మంగళవారం

వచ్చీరాగానే అత్త గంపలో చెయ్యి పెట్టింది. ఎర్రదారం ఉండ వెతికి తీసింది. రెండు వారాల కింద నేను మళ్ళీ వడికినదే, ఇంకా మగ్గానికి పోలేదు. పోగు లాగి రెండు వేళ్ళ మధ్య నిదానంగా రుద్దింది.

"ఇది నీ చేతిదే."

అంతే. గోడ పట్టుకుని ఒక్కతే ఇంటికి పోయింది.

నవంబరు 19

అత్త కదురు ముట్టలేదు.

నవంబరు 20

సంగటి కెలుకుతున్నాను. వెనక నుంచి అత్త — "నీది నేను అందరి ముందర ఎనక్కిచ్చింటి. దొంగగా సరిజేసింటినా?"

సంగటి దించాను.

"నన్ను ముసల్దాన్ని జేసి పక్కన బెడితివి."

అయినా తినింది. నా పళ్ళెంలో ఊరిబిండి పచ్చడి ఇంకాస్త వేసింది. కోపం తగ్గినట్టో కాదో తెలియదు. అత్తంటే నాకెంత ఇష్టమో ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది.

నవంబరు 21

మాబుబీకి చెప్పేశాను. "అందరికీ ఎరికేలే. మా అమ్మదైనా నేనట్లే జేసింటి." ఆమె భుజం మీద తల పెట్టి కాసేపు కూచున్నాను.

నవంబరు 24, సోమవారం

మధ్యాహ్నం నుంచి అత్త అరుగు మీదే. కదురు తిప్పుతోంది, ఆపుతోంది, పోగు తడుముకుంటోంది... మళ్ళీ తిప్పుతోంది. దగ్గరికి పోవడానికి ధైర్యం చాల్లేదు. ఇందాక మంచినీళ్ళకు లోపలికొచ్చి, "రేపు సరింగ జూడు" అని పోయింది.

చూస్తాను. బాగలేకపోతే వెనక్కిస్తాను. అందరి ముందే.

తర్వాత సాయంత్రం ఆమె వెనక కూచోవాలి. ఆ బొటనవేలు పట్టుకోనిస్తుందో లేదో...