బీడులో బురద

సోలార్ ప్లాంటు సమీక్ష అధికారి గారికి నమస్కారాలు.

ఆ ప్లాంటుకు అడిగిన పొలాన్ని ఇరవై ఏళ్లుగా కౌలుకు చేస్తున్నది నేనే. "బీడు భూమి, సాగు లేదు" అని మీరు రాసిన కాగితం ఆఫీసు గోడకు అంటించారట. మా అమ్మాయి చదివి వచ్చి చెప్పింది.

మీరు తనిఖీకి వచ్చిన రోజు మొలక ఇంకా పైకి రాలేదు, నిజమే. కానీ మీ జీపు ఆ పొలంలోనే ఇరుసు దాకా దిగబడింది. నేనూ మా ఆవిడా తోశాం. "పెద్దాయనా, నువ్వు లేకపోతే ఇక్కడే ఉండిపోయేవాళ్లం" అన్నారు.

అప్పటికి వాన చినుకు పడి మూడు నెలలు. సోమవారం విచారణలో నన్ను మాట్లాడనివ్వకపోయినా సరే, బీడు భూమిలో అంత బురద ఎలా వచ్చిందో మీరే చెప్పండి.

ఇట్లు,
జీపు తోసినవాడు