లారీకి కొత్త నీళ్ల పంపు

తమ్ముడూ సాగిన్! నారిన్ ఊరి సంతలో దొరికిన పంపు లారీకి బిగించాను. అతుకుకు పూసిన జిగురు ఆరాలి, మధ్యాహ్నం దాకా స్టార్ట్ చెయ్యకు. తర్వాత రేడియేటర్లో గోరువెచ్చని నీళ్లు పొయ్యి. పొద్దు వాలగానే అవన్నీ వదిలెయ్యి, రాత్రి చలికి గడ్డకడితే పాతదానిలాగే ఈ పంపూ పగులుతుంది.

మొన్న నీళ్లు వదలంది నువ్వు కాదు. "నేను చూసుకుంటాలే, నువ్వు లోపలికి పో" అన్నది నేనే. చలికి బద్ధకించాను. "గాడిదా, లారీని చంపావు కదరా!" అని నాన్న నిన్ను తిడుతుంటే తల వంచుకుని టీ తాగాను. నువ్వు నా వంక చూశావు గానీ నా పేరు చెప్పలేదు.

గుర్రమెక్కి మంద దగ్గరికి పోతున్నా. రేపొస్తా.

అన్న ఎర్మెక్

ఈ చీటీ నాన్నకు చూపించు. నువ్వు చూపించవని తెలుసు. అందుకే ఇంకోటి రాసి ఆయన గొర్రెతోలు టోపీలో పెట్టాను.